కొనేవారి పేరు

మా ఆయన రోకో చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. "గురువారం షిబెనిక్ పట్నం వెళ్లి ఆ పడవ కాగితాల సంగతి చూసిరా. ఎలాగూ నీకు ఇంట్లో పెద్ద పనేముంది," అన్నాడు, పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆ పూట నేను హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడిచి మడిచి వచ్చాను. వచ్చి సార్డీన్ చేపలు కడిగి వేయించాను, అత్తగారి కాళ్లకు మందు రాశాను. ఇలాంటి మాటకు ఒకప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడేమీ రాదు. పన్ను పీకే ముందు సూది పొడిస్తే చెంప మొద్దుబారుతుందే, కొన్నేళ్లుగా నా ఒళ్లంతా అలా ఉంది. మాట తగిలిందని తెలుస్తుంది. నొప్పి తెలియదు. "సరే," అని చొక్కా తిప్పి వీపు వైపు ఇస్త్రీ చేశాను.

పడవ శ్పీరో బాబాయిది. చిన్న కొయ్యపడవ, వెనక ఇంజను. ఆయన పోయాక వాళ్ల పెరట్లోనే బోర్లించి ఉండిపోయింది. ఆయన భార్య దోబ్రిల పిన్ని అమ్మేస్తానంటే రోకో మోజుపడ్డాడు. డబ్బు నా లాండ్రీ జీతంలోది. "ఇంట్లో డబ్బంతా ఒకటే కదా," అన్నాడు. నా సంచిలోంచి బయటికి వచ్చేటప్పుడే అది ఒకటవుతుంది. చలికాలమంతా ఆదివారాలు పాత రంగు గీకింది నేను, పలకల సందుల్లో నార కూరి తారు పూసింది నేను. మా నాన్న చేపలు పట్టేవాడు, ఆయన దగ్గరే నాకు పడవ పని వచ్చింది. నడపడానికి పరీక్ష కూడా పెళ్లికి ముందే రాశాను. రోకోకి నడుం నొప్పి. స్నేహితుడు బేపోని వెంటబెట్టుకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, "నా పడవ ఎలా ఉందిరా?" అనేవాడు. బేపో నావైపు చూసి, "పడవ సంగతేమో గానీ, కూలిమనిషిని మాత్రం గట్టిదాన్నే పట్టావు," అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వితే మాట తొందరగా అయిపోతుంది. అత్తగారు కిటికీలోంచి, "పడవ మగాడిది, ఇల్లు ఆడదానిది, ఎప్పట్నుంచో ఉన్న తీరే కదమ్మా," అనేది. ఇల్లు ఆవిడ పేరున ఉంది, ఆవిడ తర్వాత రోకోకి రాసి ఉంది. అది ఆవిడ మరచిపోయి అన్న మాటా కాదు, ఆలోచించి అన్న మాటా కాదు.

గురువారం రేవు ఆఫీసులో కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ కాగితాలు తిరగేసింది. "పడవ ఇంకా శ్పీరో గారి పేరునే ఉంది. పోయిన మనిషి అమ్మలేడు కదమ్మా," అంది మెల్లగా. ఆస్తి భార్యకు వచ్చిందని కోర్టు ఇచ్చిన కాగితం కావాలి. అమ్మకం ఒప్పందం మీద ఆవిడ నోటరీ ఎదుట సంతకం పెట్టాలి. అప్పుడు గానీ పడవ చేతులు మారినట్టు కాదు. ఇంటికొచ్చి చెప్తే రోకో, "ఒక్క పని చెప్తే అదీ సగం చేసుకొస్తావు," అన్నాడు. మళ్లీ వెళ్లడానికి లాండ్రీలో సెలవు అడిగాను.

దోబ్రిల పిన్ని కోర్టు కాగితం పట్టుకుని నల్లబట్టల్లో వచ్చి ఫెర్రీలో లోపలి బెంచీ మీద కూర్చుంది. సముద్రం వైపు చూడలేదు. "చలేస్తోందా పిన్నీ?" అంటే, "లేదమ్మాయ్, చూసింది చాల్లే," అంది. అంతే మాట్లాడింది దారంతా.

నోటరీ దగ్గర ఒక పడుచుపిల్ల ఒప్పందం గబగబా చదువుతోంది. "...సదరు పడవకు ఏకైక యజమాని అయిన దోబ్రిల..."

"ఎవరూ?" అంది పిన్ని.

"మీరేనండీ. యజమాని మీరే కదా."

"మళ్లీ చదువమ్మా ఆ ముక్క."

ఆ పిల్ల మళ్లీ చదివింది, ఈసారి నెమ్మదిగా. పిన్ని బల్ల అంచు పట్టుకుని వింది. తర్వాత ఎవరితోనూ కానట్టు చెప్పుకుపోయింది. "కాపురానికి వచ్చిన కాణ్ణుంచీ ఆ పడవకి తెడ్డు వేశాను. వలలు లాగాను. మా పెద్దదాన్ని కనే నొప్పులు అందులోనే మొదలయ్యాయి. మా ఆయన మంచోడే, ఏనాడూ చెయ్యెత్తలేదు. కానీ 'నా పడవ' అనేవాడు, 'మన పడవ' అని ఒక్కనాడూ అనలేదు. ఇవాళ నాదంటున్నారు. అమ్ముకునే రోజున." ఆమె ఏడవలేదు. మజ్జిగ పులిసిందని చెప్పినట్టు చెప్పింది.

ఆ గొంతు నాకు తెలుసు. అది నా గొంతే. ఇంకా ముసలిదైన నా గొంతు.

"కొనేవారి పేరు?" అంది నోటరీ పిల్ల.

సంచి తెరిచాను. ఇంటిల్లిపాది గుర్తింపు కార్డులూ నేనే మోస్తాను. రోకోది పైనే ఉంది, అత్తగారి ఆస్పత్రి కార్డు దాని కింద. నాది అట్టడుగున, తాళాల కింద. చెయ్యి రోకో కార్డు మీదే పడింది. దాన్ని పక్కకు జరిపాను.

"వింకా," అని నా పేరే చెప్పాను.

పిన్ని నావైపు తిరిగింది. "ఇంటిపేరు కూడా చెప్పమ్మాయ్," అంది. "తర్వాత తగువు లేకుండా." అని పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ సంతకం పెట్టింది.

రేవు ఆఫీసులో కళ్లజోడావిడ ఈసారి అన్నీ సరిపోయాయంది. "మీవారు కూడా నడుపుతారా? అయితే మీ అనుమతి కాగితం ఒకటి పడవలో ఉంచండి," అంది. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాను. సంతోషం వస్తుందేమోనని చూశాను, రాలేదు. భయమైనా వస్తుందనుకున్నాను, అదీ రాలేదు. ఆకలేసింది. పిన్నీ నేనూ రేవు పక్కన చేపలకూర, రొట్టె తిన్నాం. ఎవరో వండి నా ముందు పెడితే తిని ఎంతకాలమైందో గుర్తు రాలేదు.

రోకో కాగితం చదివి, "పేరు తప్పు పడిందే," అన్నాడు.

"తప్పు కాదు."

అత్తగారు చేతిలోని గిన్నె కింద పెట్టింది. "పదిమందిలో వాడు మొహం ఎక్కడ పెట్టుకుంటాడే?" రోకో కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. కేకలేస్తాడనుకున్నాను. నవ్వాడు. "పోనీలే అమ్మా, ఎవరి పేరున ఉంటే ఏం? నీళ్ల మీద పేర్లు చదివేదెవరు? రేపు నేనూ బేపో వేటకెళ్తున్నాం. ఏమే, రొట్టె, జున్నూ కట్టి పెట్టు."

పొద్దున్నే లేచి రొట్టె, జున్ను కట్టాను, ఒక్క మనిషికి సరిపడా. రేవుకు వెళ్లి, తారు ఆరాక నీళ్లలోకి దించి కట్టిన పడవలోకెక్కి, వెనక ఇంజను పక్కన కూర్చున్నాను. కాసేపటికి వాళ్లిద్దరూ గాలాలు పట్టుకుని వచ్చారు. "ఏరా, మీ ఆవిడ కాపలా కాస్తోందా?" అన్నాడు బేపో. వలలు సర్దుకుంటున్న వాళ్లు తలలు తిప్పారు.

"లే, ఇంటికి పో. అమ్మకి కాఫీ పెట్టాలి," అన్నాడు రోకో గొంతు తగ్గించి.

"నేను వెళ్తున్నాను," అన్నాను. "వస్తే ముందు వైపు కూర్చో. బేపోకి చోటు లేదు."

నా గొంతులో కోపం లేదు. ఉంటే రోకోకి ఏం చెయ్యాలో తెలిసేది. అతను బేపో వంక చూశాడు, వలల వాళ్ల వంక చూశాడు, రాతి మెట్టు మీద ఒక కాలు ముందుకి పెట్టి అక్కడే ఆగిపోయాడు.

నేను తాడు విప్పాను.