దీపం సెగ తగిలిన డప్పు

నేను ఒక డప్పును. వేపచెక్క చట్రానికి మేకతోలు బిగించి, ఉడికించిన చింతగింజల గుజ్జుతో అతికించి నన్ను తయారుచేసినవాడు రాజలింగం. నాకున్నది ఒక్కటే పంతం. ఒళ్ళు కాగనిదే నోరు విప్పను. కాస్త సెగ చూపించారా, నాలుగు వాడలు లేచి కూర్చోవలసిందే!

పెళ్ళి ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేది నేను. విందు దగ్గరికొచ్చేసరికి అందరికంటే వెనక నిలబడేదీ నేనే. ఈ మనుషుల లెక్క నాకెప్పుడూ అంతుపట్టలేదు. రాజలింగం పోయాక కూతురు పోశవ్వ చేతికి వచ్చాను. రెండేళ్ళు ఇంటి వెనక వాయించి నేర్చుకుంది. ఊరి డప్పుల దళంలో చేరతానంటే దళం పెద్ద, ఆమె చిన్నాన్న ఎల్లేశం ససేమిరా అన్నాడు. ఆడపిల్ల డప్పు కొడితే తనకు నామోషీ అట! చివరికి ఆమె పోరు పడలేక, "తెలుగు భాషా దినోత్సవం నాడు టౌన్ల మన ఆట ఉన్నది. అండ్ల మోగించు. మోగకుంటె మళ్ల నన్ను అడగొద్దు" అన్నాడు. ఆ వారమంతా పోశవ్వ నాకు ఊపిరి సలపనివ్వలేదు.

తీరా ఆ రోజు ఒకటే ముసురు. ఆటోలో తడుస్తూ వెళ్ళేసరికి నా ముఖం నానిన అప్పడంలా అయింది. హాలు బయట పోశవ్వ కాగితాలు పోగేసి అగ్గిపుల్ల గీయబోతే కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఈడ నిప్పు పెట్టద్దమ్మా, రూలు!"

దళంలో మిగతా ఐదుగురివీ ఫైబర్ డప్పులు. వాటికి ఎండైనా వానైనా ఒకటే. వారసత్వం ఉట్టిపడాలని మమ్మల్ని పిలిచిన పండగలో తోలుడప్పును నేనొక్కదాన్నే! పోశవ్వ వేలితో తట్టి చూసింది. తడి దుప్పటి దులిపినట్టు చప్పుడు చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఎల్లేశం ముఖం తిప్పుకున్నాడు.

వేదిక ఎక్కాం. ముఖ్య అతిథి నిలువెత్తు ఇత్తడి దీపంలో ఐదు వత్తులు వెలిగించారు. చప్పట్లు మారుమోగాయి. రూలున్న హాల్లోనే, నడిమధ్యన, నిప్పు! పోశవ్వా నేనూ ఒకేసారి చూశాం.

"కాకా, ఒక్క నిమిషం" అంటూ గబగబా వెళ్ళి నన్ను ఆ మంటల దగ్గర పట్టి తిప్పసాగింది. నిర్వాహకుడు లేచి, "ఏయ్ అమ్మా, అది జ్యోతి!" అని అరిచాడు.

"ఎరుకే సారూ. అందుకే కాపుతున్న."

సెగ పాకుతుంటే నాకెంత హాయి! తోలంతా బిగుసుకుంది. పోశవ్వ చేతిలోని సిర్ర పుల్ల నా మీద పడింది. ఖంగుమన్నాను! వెనక వరుసల్లో ఈలలు మొదలయ్యాయి. కుర్చీలు ఖాళీ అయ్యాయి, అందరూ నిలబడే ఉన్నారు. ముఖ్య అతిథి కాలు దరువు వేయడం కళ్ళారా చూశాను. ఐదు ఫైబర్ డప్పులూ మమ్మల్ని అందుకోలేక ఆయాసపడ్డాయి.

ఆట అయ్యాక ముఖ్య అతిథి నన్ను నిమిరి, "దీన్ని మ్యూజియంలో పెట్టిద్దాం" అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పోశవ్వ నోరు తెరిచేలోపే ఎల్లేశం అడ్డొచ్చాడు.

"కుదరదు సారూ. ఐతారం ఊర్ల బోనాలున్నయ్. మా బిడ్డ అందరికంటె ముంగట కొట్టాలె."

నా ముఖాన దీపం మసి మరక పడి ఉంది. పోశవ్వ తుడవబోయి ఆగింది. అలాగే నన్ను భుజాన తగిలించుకుని వానలోకి నడిచింది.