జీపుల ఎల్లమ్మ

రోడ్డు లేని చోట బండి తోలడానికి ఎదురు డబ్బిచ్చే మనుషులు ఉంటారని ఎవరైనా చెబితే పంపమ్మ ఒకప్పుడు నమ్మేది కాదు. రోడ్డు లేకపోవడమన్నది ఆమెకు పుట్టినప్పటి నుంచీ ఊరికే దొరికింది మరి. ఇప్పుడు శని, ఆదివారాలు వస్తే చాలు, హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ నడుమెత్తు టైర్ల జీపులు, నాలుగు చక్రాల మోటారు సైకిళ్ళు యరగేర ఊరు దాటి వచ్చి వాళ్ళ పల్లె వెనక గుట్ట మీదికి ఎగబడుతున్నాయి.

అదేమంత గొప్ప గుట్టా కాదు. తుమ్మలు, బలుసు పొదలు, సీతాఫలం చెట్లు. ఏ కాలంలోనో బంగారం కోసం తవ్వి, దొరక్క వదిలేసిన గుంతలు, వాటి పక్కన రాళ్ళ దిబ్బలు. ఆ దిబ్బలు ఎక్కడం, గుంతల్లో దిగడం, బురదలో కూరుకుపోయి కేకలు పెట్టడం, ఇదీ వాళ్ళ సరదా. సింధనూరులో రైసుమిల్లు ఉన్న ఇంటి కుర్రాడు ధర్మతేజ గుట్టను లీజుకు తీసుకుని, పొదలు కొట్టించి, జీపుల బాట వేయించాడు. వాళ్ళ తాతలు కాలవ కింద వరి పెట్టడానికి కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. మనిషి చెడ్డవాడు కాదు, కూలివాణ్ణి కూడా ఏరా అనడు. పంపమ్మ మొగుడు తాయప్పను గేటు కాపలాకు పెట్టుకుంది అతనే. పెళ్ళయ్యాక తాయప్ప వలస పోకుండా ఇంటిపట్టున ఉన్నది ఆ ఏడాదే. కాబట్టి బాట మీద పల్లెలో ఎవరికీ కోపం లేదు. పంపమ్మకు మాత్రం అది వేసిన రోజు నుంచీ కంటి మీద కునుకు లేదు.

ఆ గుట్ట మీద ఆమె బిడ్డ ఉంది. పేరు నేత్ర. మాటలు వస్తున్న వయసులో జ్వరం వచ్చి పోయింది. అంత చిన్నపిల్లల్ని కాల్చరు, పూడుస్తారు. చేను ఉన్నవాళ్ళు చేని గట్టున పూడ్చుకుంటారు. కూలికి పోయేవాళ్ళకు గట్టెక్కడిది, గుట్టే గతి. తాయప్ప, వాళ్ళన్న ఇద్దరే తీసుకెళ్ళి, గుంత తవ్వి పెట్టి, నక్కలు తోడకుండా పైన బండరాళ్ళు పేర్చి వచ్చారు. పసిబిడ్డకు దినం చేయరు, గోరీ కట్టరు, తల్లిని ఆ చోటికి రానివ్వరు. వస్తే మళ్ళీ కడుపు పండదంటారు. ఆ అన్న పుణె పనులకు వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. పంపమ్మ మొగుడి ప్రాణం తోడి తోడి ఆ చోటు చెప్పించుకుంది. కట్టెలకని వెళ్ళి కాసేపు ఆ రాళ్ళ దగ్గర కూర్చునేది. అలికిడైతే గభాలున లేచి పుల్లలు ఏరుతున్నట్టు నటించేది. కన్నబిడ్డ దగ్గర కూర్చోవడానికి దొంగలా భయపడాలి, ఏం బతుకో!

వానలు తగ్గాక బాటను పైకి పొడిగించే పని మొదలైంది. ఎటు తవ్వాలో జేసీబీకి తెలియడానికి సున్నంతో గీత పోశారు. ఆ గీత నేరుగా వచ్చి నేత్ర రాళ్ళ మీదుగా ఎక్కింది. పంపమ్మ కట్టెల మోపు అక్కడే పారేసి గేటు దగ్గరికి పరుగెత్తింది. సావుకారి ధర్మతేజకు చెప్పమని మొగుడి కాళ్ళావేళ్ళా పడింది. తాయప్ప వెళ్ళలేదు. చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అంతకు ముందే హుచ్చమ్మ అనే ముసలామె తన మొగుడి గోరీ అడ్డమొస్తోందని ధర్మతేజకు చెప్పుకుంది. అతను మర్యాదగా విన్నాడు. విని, తన ఖర్చుతోనే ఆ గోరీని జేసీబీతో పెకలించి, ఎముకలు యూరియా సంచిలో వేయించి, ఊరి శ్మశానంలో పెట్టించాడు. మంచిపని చేశాననే అనుకున్నాడు. హుచ్చమ్మ ఆ సంచిని చూసి పడిపోయిన మనిషి, ఇప్పటికీ సరిగ్గా లేవలేదు.

అదే జేసీబీ కింద మలుపులో ఎవరో కుంకుమ పెట్టిన బోడిరాయిని చూసి ఆగిందట. డ్రైవర్ దిగి, చెప్పులు విప్పి దండం పెట్టి, బండిని చుట్టు తిప్పుకుని పోయాడట. ఆ సంగతి తాయప్పే ఓసారి నవ్వుతూ చెప్పాడు. ఇప్పుడది పంపమ్మను పట్టుకుంది. హుచ్చమ్మ మొగుడి కోసం జరగని బండి బొట్టు కోసం జరిగిందా? సరే, అయితే బొట్టే పెడదాం అనుకుంది.

మర్నాడు తెల్లారకముందే వెళ్ళి, అన్నింటిలోకి పెద్ద రాయిని కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపమండలు గుచ్చి, ఆకుపచ్చ రవిక గుడ్డ చుట్టింది. తిరిగొచ్చి బోరింగు దగ్గర ఆడవాళ్ళ మధ్య బిందె దించి చెప్పింది.

"కలలకు ఎల్లమ్మొచ్చింది. గుట్ట మీద ఎండల మాడుతున్న, నా మీదికెళ్ళి బండ్లు తోల్తరంట అని ఒకటే ఏడ్చింది."

చెబుతూ చెబుతూ తనే ఏడ్చింది. ఆ ఏడుపు అబద్ధం కాదు కదా, ఎవరు మాత్రం నమ్మరు? పదిమందిలో నోరెత్తని పంపమ్మకు అమ్మ కనపడిందని పొద్దెక్కేసరికి పల్లె పల్లంతా గుట్టెక్కింది. ఊరి పెద్ద బసవప్ప గౌడ కొబ్బరికాయ కొట్టాడు. ధర్మతేజ బూట్లు విప్పి వచ్చి, సున్నం గీత చెరిపించి, బాటను అటుపక్కకు మళ్ళించాడు. వారం తిరిగేసరికి జీపులవాళ్ళు కూడా అక్కడ ఆగి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ఫోటోలు దిగి పోవడం మొదలుపెట్టారు. జీపుల ఎల్లమ్మ అని పేరు కూడా వాళ్ళే పెట్టారు.

ఆ రోజుల్లో పంపమ్మ ముఖం చూడాలి! ఇప్పుడు కట్టెల సాకు అక్కర్లేదు. రోజూ పొద్దున్నే బిందెడు నీళ్ళు తీసుకెళ్ళి అందరి ఎదుటే రాయికి పోసేది. పసుపు పూసేది. కొంగుతో తుడిచేది. కూర్చుని తనలో తను ఏదో చెప్పుకునేది. ఎంత భక్తో అనుకున్నారు చూసినవాళ్ళు. బిడ్డకు నీళ్ళు పోసుకుంటోందని తాయప్పకు తెలుసు. చూడలేక గేటు వైపు తిరిగి నిలబడేవాడు.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. ఓ ఆదివారం రాయి పక్కన బాట మళ్ళిన చోటే ఒక జీపు పల్టీ కొట్టింది. లోపల ధర్మతేజ చెల్లెలు భావన ఉంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. ఇక చెప్పేదేముంది, అమ్మే కాపాడిందన్నారు. ధర్మతేజ అక్కడికక్కడే చేతులెత్తి మొక్కి, గుడి కట్టిస్తానన్నాడు. బసవప్ప తన కూతురి పెళ్ళి కుదరగానే ఆ రాయి మీది పసుపు తీసుకెళ్ళి పెళ్ళికూతురి ముఖానికి రాయించాడు.

గుడికి ముహూర్తం పెట్టడానికి కల్లూరు నుంచి వీరభద్రయ్య అనే అయ్యగారు వచ్చాడు. రాయి చుట్టూ తిరిగి చూసి, దీన్ని పక్కకు తీసి, కింద గట్టినేల తగిలేదాకా తవ్వాలన్నాడు. ఆ మట్టినంతా జల్లించాలన్నాడు. ఎముక ముక్క ఏదున్నా అది శల్యదోషమనీ, తీసి దూరంగా పారేయకపోతే అమ్మ ఆ చోట నిలవదనీ చెప్పాడు. అందరూ తలలూపారు. వెనక నిలబడ్డ పంపమ్మ నీళ్ళ బిందె అక్కడే వదిలి మొగుణ్ణి వెతుక్కుంటూ గుట్ట దిగింది.

ఆ సాయంత్రం అన్నం ముందు పెట్టుకుని ఇద్దరూ తినలేదు. బిడ్డను తీసి ఇంకోచోట పెట్టివద్దామంది పంపమ్మ. ఎలా కుదురుతుంది? అప్పటికే రాయి చుట్టూ పందిరి లేచింది, భజన చేసేవాళ్ళు రాత్రీ పగలూ అక్కడే ఉంటున్నారు. అయితే రేపు అందరి ముందూ నిజం చెప్పేస్తానంది.

"చెప్తే ఊర్ల ఉండనిస్తరా మనల్ని?" అన్నాడు తాయప్ప. "గౌడ బిడ్డ మొఖానికి రాసిన పసుపది. పీనుగు మీది పసుపు రాపిచ్చినవని నిలువునా నరుకుతరు."

"నా బిడ్డ పీనుగా?" అంది పంపమ్మ.

తాయప్ప గిన్నె పక్కకు నెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

పొద్దున డప్పులు మోగాయి. రాయికి హారతి ఇచ్చి, నలుగురు ఎత్తి పక్కన పెట్టారు. వీరభద్రయ్య తలూపగానే జేసీబీ చెయ్యి పైకి లేచింది. అప్పటిదాకా బిగబట్టుకున్న పంపమ్మ ఆడవాళ్ళను తోసుకుని వచ్చి గుంత చోట అడ్డంగా పడుకుంది. జుట్టు ముడి ఊడిపోయింది.

"తవ్వొద్దు. ఇక్కడ ఎల్లమ్మ లేదు, ఏ అమ్మా లేదు. నా బిడ్డ ఉంది ఇందుల. నా నేత్ర ఉంది. నేనే అబద్ధం చెప్పిన."

డప్పులు ఆగిపోయాయి. ధర్మతేజ చెయ్యెత్తి జేసీబీని ఆపించాడు. బసవప్ప మెల్లగా తాయప్ప వైపు తిరిగాడు. తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు.

"ఏం తాయప్పా, ఇన్ని దినాలు మేం మొక్కింది మీ పిల్ల గోరీకా? నా బిడ్డ మొఖానికి రాసింది అదేనా? నిజం చెప్పు."

తాయప్ప చుట్టూ చూశాడు. పల్లె పల్లంతా అతని నోటి వైపే చూస్తోంది. పంపమ్మ నేల మీద నుంచి తలెత్తి అతన్నే చూస్తోంది. గుంత తవ్వింది అతను, బిడ్డను రెండు చేతుల మీద దించింది అతను. ఒక్కమాట అంటే చాలు.

"లేదు గౌడ్రే," అన్నాడు తాయప్ప. "మా పిల్లను అవతలి దిక్కు పెట్టినం. ఈమెకు అమ్మ పూనింది."

అంతే! ఒక్కసారిగా అందరికీ ప్రాణం లేచొచ్చింది. డప్పులు మళ్ళీ మోగాయి, ఈసారి ఇంకా గట్టిగా. ఆడవాళ్ళు వచ్చి పంపమ్మ రెక్కలు పట్టి లేపారు. ఆమె గింజుకునే కొద్దీ పూనకం ముదురుతోందని నెత్తి మీద పసుపునీళ్ళు పోశారు, నోట్లో వేపాకు కుక్కారు. మొగుణ్ణి తిడుతుంటే అమ్మ కోపంగా ఉందన్నారు. నా బిడ్డ, నా బిడ్డ అని అరుస్తుంటే, అమ్మకు మనమంతా బిడ్డలమే కదా అని ఒక ముసలామె కళ్ళు ఒత్తుకుంది. వీరభద్రయ్య గుంత చోట కొబ్బరినీళ్ళు చల్లి, ఇక తవ్వమన్నాడు.

మట్టిని జల్లెడ పట్టారు. ఎక్కువసేపు పట్టలేదు. జల్లెడలో మిగిలినవాటిని వీరభద్రయ్య పుల్లతో కదిపి చూసి, మేకపిల్లవో నక్కవో అయ్యుంటాయని, మట్టితో పాటే తీసుకెళ్ళి పారేయమన్నాడు. ట్రాక్టర్ డ్రైవర్ ఎక్కడ పోయాలని అడిగాడు. పై మలుపు దగ్గర వానకు బాట కోసుకుపోయింది కదా, అక్కడ పోస్తే పనికొస్తుందన్నాడు ధర్మతేజ.

పంపమ్మను పట్టుకున్నవాళ్ళు పందిరి అంచున నిలబెట్టారు. అక్కడి నుంచి మలుపు బాగా కనిపిస్తుంది. ట్రాక్టర్ వెళ్ళి తొట్టి ఎత్తింది. మట్టి జారి బాట మీద పడింది. డ్రైవర్ దిగి చూసి, మళ్ళీ ఎక్కి, చదును కావడానికి దాని మీదుగా బండిని ముందుకూ వెనక్కూ తిప్పాడు.

పంపమ్మ గింజుకోవడం మానేసింది. అరుపు కూడా ఆగిపోయింది. నోట్లో వేపాకు అలాగే ఉంది. చేతులు ఎవరు ఎటు పట్టుకుంటే అటే ఉన్నాయి.

"అమ్మ శాంతించింది" అన్నాడు వీరభద్రయ్య.

కర్పూరం వెలిగించి ఆమె ముఖం ముందు తిప్పాడు. బసవప్ప దండం పెట్టాడు. ధర్మతేజ వంగి ఆమె కాళ్ళు తాకాడు. ఆడవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు వచ్చి మొక్కారు. చివరికి ఎవరో తాయప్పను కూడా ముందుకు తోశారు. అతను వచ్చి ఆమె ఎదుట చేతులు జోడించి నిలబడ్డాడు. తల ఎత్తలేదు.