మడుగు అడుగున నల్ల మట్టి

నా చేతులతో అలికిన నేల మీదనే నా ఏడాది బిడ్డ మహిమ విషం తిన్నదేమో. అన్నిటికంటే నాకు అదే భయం.

మా ఊరి పక్కన తుంగభద్రలో ఒక మడుగుంది. ఎగువనున్న తోళ్ల ఫ్యాక్టరీ ఇరవై ఏళ్లు దాంట్లోకే మురుగు వదిలింది. ఫ్యాక్టరీ మూతపడి ఆరేళ్లయింది. నీళ్లు తేటపడ్డాయి. ఈ ఎండాకాలం మడుగులో పూడిక తీసే కాంట్రాక్టరు, అడుగునున్న నల్ల మట్టిని పైసా తీసుకోకుండా మాకు తోలిస్తానన్నాడు. పూడికమట్టి అంటే మాకు చేనుకు బలం. మిగిలినదానితో ఇల్లు అలుకుతాం.

చర్చిలో స్త్రీల కూటంలో లేచి, అందరూ తోలించుకోండని చెప్పింది నేనే. ఎనిమిదితో బడి మానేసినా మాట్లాడటం వచ్చని నాకు గర్వం.

"ఆ మట్టి ముట్టుకుంటే చేతులు మండుతాండాయే" అంది మా అత్త విశ్వాసమ్మ.

"పనంటేనే నీ చేతులు మండుతాయి లే అత్తా!"

కూటమంతా నవ్వింది.

నెల తిరక్కుండానే మట్టి తోలిన చేలల్లో మిరపనారు మాడింది. దిగువ బోరులో నీళ్లు పచ్చబడ్డాయి. ఆ మట్టితో నేను అలికిన నేల మీద పాకే మహిమకు మోకాళ్ల మీద పుండ్లు లేచాయి. డిగ్రీ చదివే జయపాల్ ఊరందరినీ చర్చి ముందర కూడేశాడు.

"ఫ్యాక్టరీ మూసినా విషం యాడికీ పోలేదు. బురదలోనే పండుకోని ఉండాది. జేసీబీ పెట్టి కెలికితే లేచి కిందికి పారతాండాది. ట్రాక్టరెక్కి మన చేలకొస్తాండాది."

"మరి తోలించుకోమని చెప్పిందెవురు?" రైతు ఓబులేసు నా వైపు చూశాడు.

"దాన్నంటావేందప్పా! ఆశపడింది అందరమూ. పరీక్ష చేపియకుండా తోలినోడిని అడుగుపో!" అంది అత్త.

మరునాడు నలభైమంది ఆడవాళ్లం జేసీబీకి అడ్డం కూర్చున్నాం. డ్రైవరు చేతిలోంచి తాళంచెవి లాక్కున్నది నేను. పోలీసులొచ్చారు.

"తాళం లాక్కునిందెవరే?" ఎస్సై అరిచాడు.

చంకలో మహిమ. బిడ్డను పొదువుకుని తల దించుకున్నాను.

"నేనే సామీ. ఏం జేస్తావో జెయ్యి" అని అత్త లేచింది. జీపెక్కించుకుపోయారు. రిమాండని కర్నూలు సబ్‌జైలుకు పంపారు.

ఆ సాయంత్రమే ఊరి ముందు నిజం ఒప్పుకున్నాను. ఓబులేసే అందుకున్నాడు: "అట్లయితే అందరమూ లాక్కున్యామని చెప్దాం పాండి."

ఊళ్లో సగంమందిమి స్టేషన్‌కు బయలుదేరుతున్నాం. మిగతావాళ్లు జేసీబీ దగ్గరే కాపలా ఉన్నారు. మమ్మల్ని దారిలోనే పట్టుకోవచ్చు. అందుకే అడుగుతున్నా, కూలన్నలారా, చదువుకునే పిల్లలారా, కర్నూలు వైపు ఉన్నవాళ్లెవరైనా సబ్‌జైలుకు పోయి విశ్వాసమ్మను చూసి రండి. బీపీ బిళ్లలు ఇంట్లోనే వదిలిపోయింది. ఎట్లుందో కనుక్కోండి.