మిగతా అయిదో పేజీలో

మా మామయ్య లక్ష్మీనర్సయ్య గారి మీద కోడలిగా నాకు ఫిర్యాదంటూ ఉంటే అది ఆయన పొదుపు మీదే. ఇంట్లో ఏ వస్తువునూ వృథా పోనివ్వరు. చిరిగిన గోనెసంచి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోవడానికి వస్తుంది. విరిగిన గొడుగు కర్ర బర్రెను అదిలించడానికి వస్తుంది. నా డిగ్రీ పట్టాకు మా నాన్న సూర్యాపేటలో ప్రత్యేకంగా కట్టించిన టేకు ఫ్రేము కూడా అలాగే అక్కరకొచ్చింది. మా బియ్యం మిల్లు లైసెన్సు గోడకు వేలాడాలని తనిఖీకి వచ్చిన అధికారి చెప్పిన సాయంత్రమే, మామయ్య నా పట్టాను అద్దం వెనక నుంచి బయటికి తీసి, ఆ చోట లైసెన్సును కూర్చోబెట్టారు. చాలా నేర్పుగా చేశారు. ఒక్క మేకు కూడా వంగలేదు.

"నీ కాయితం ఏడికి పోదు బిడ్డా, సందుగల భద్రంగ పెట్టిన. గీ లైసెన్సు లేకుంటె మిల్లు బందయితది. నీది లేకుంటె ఏం బందయితది, చెప్పు?" అన్నారు.

బి.ఏ. అయ్యాక ఉస్మానియాలో ఇంకో ఏడాది కూర్చుని తెచ్చుకున్న జర్నలిజం డిగ్రీ అది. ఆ ప్రశ్నకు నాకు వెంటనే జవాబు తోచలేదు. కొన్ని జవాబులు ఊరగాయలాంటివి, ఊరాలి.

మిర్యాలగూడలో మా మిల్లుకూ ఇంటికీ ఒకటే అరుగు. సాయంత్రం కాగానే ఊళ్లోని ధాన్యం వ్యాపారులు అక్కడ చేరతారు. మధ్యాహ్నం హైదరాబాదు బస్సులో దిగిన తెలుగు పేపరును అక్కడ ఒకరు పైకి చదవాలి, మిగతావారు వినాలి. వాళ్లంతా నిజాం కాలపు బడుల్లో ఉర్దూలో చదువుకున్నవాళ్లు. తెలుగు నోటినిండా ఉంది, కంటికి మాత్రం ఆనదు. మా గుమాస్తా నాగయ్య ఇన్నేళ్లూ చదివి వినిపించాడు. డెబ్బై నాలుగులో అతను కంటి ఆపరేషనుకు వెళ్లడంతో ఆ పని నా మీద పడింది. నేను గడప లోపల పీట వేసుకుని చదివేదాన్ని. అరుగుకు నా గొంతు వినపడుతుంది తప్ప నేను కనపడను.

నేను పేపరును పేపరులా చదవలేదు. ముందు వడ్ల సంగతి, తర్వాత ఊరి సంగతి, ఆ తర్వాతే ఢిల్లీ. మొదటి పేజీలో సగం ఉన్న వార్తను లోపలి పేజీ తిప్పి అక్కడే పూర్తిచేసేదాన్ని. మంత్రిగారు సన్మానసభలో అన్నదేదో, సర్కారు నిజంగా ఇచ్చిన ఉత్తర్వేదో విడదీసి చెప్పేదాన్ని. అరుగు చాలక బల్లలు వేయించారు. కోదాడ మిల్లర్లలో పెద్దమనిషి జనార్దన్ గారు ఒకసారి పనిమీద వచ్చి, బస్సు పోతున్నా లేవకుండా చివరిదాకా విన్నారు.

"మీ ఇంట్లో పేపరు వింటే బుర్రకు ఎక్కుతుందండీ," అన్నారాయన.

"మా ఇంట్ల అందరం గట్లనే సదువుతం," అన్నారు మామయ్య.

అంతలో మా ఆడపడుచు ఆండాళు బి.ఏ. పాసైంది. వదిన చదివిన చదువే తనూ చదువుతానంది. దరఖాస్తుకు గడువు దగ్గరపడింది. వాళ్ల నాన్న మంచి హుషారులో ఉన్నారు కదా అని, అరుగు నిండా జనం ఉన్నప్పుడే పోయి అడిగింది.

మామయ్య నవ్వారు. ఆయన నవ్వితే బల్లలన్నీ నవ్వాలి.

"గా సదువుకు ఇలువేంది బిడ్డా? డాక్టరైతే సూదేస్తడు, ప్లీడరైతే కేసు గెలిపిస్తడు. గిదేం జేస్తది? అచ్చరాలొస్తె పేపర్ ఎవ్వలన్న సదువుతరు. దానికి హైదరాబాద్ల ఏడాది కిరాయి కట్టాల్నా? మీ వదిన సదివింది, ఏమైంది? వంకాయ కూర మంచిగొండుతది. గది మా బుచ్చమ్మ సదువకుంటనే వండుతది!"

బుచ్చమ్మ మా అత్తమ్మ. బల్లలు మళ్లీ నవ్వాయి. దరఖాస్తు సంగతి అక్కడితో ఖతం.

ఆండాళు వంటింట్లోకి వచ్చి నా పక్కన కూలబడి ఏడ్చింది. నేను నిజంగానే వంకాయలు తరుగుతున్నాను.

"ఏడవకు. ముక్కలకు ఉప్పునీళ్లు పోశాను, అవి చాలు," అన్నాను.

"నీకు కోపం రాలేదా వదినా?"

"వచ్చింది. రేపు సాయంత్రం పేపరు టైముకు బయటికి వస్తుంది."

మర్నాడు పీట వేసుకుని, గొంతు సవరించుకుని, పేపరు పేరు నుంచి మొదలుపెట్టాను. సంపుటి, సంచిక, వెల, తిథి, వారం. ఆ తర్వాత ఎడమ చేతి పక్క మొదటి వరస, పైనుంచి కిందికి. ఎక్కడా గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"పట్టణంలో మంచినీటి ఎద్దడి నివారణకు తీసుకోవలసిన చర్యలను గురించి చర్చించుటకు సమావేశమైన సంఘము నిన్న సాయంత్రము... మిగతా అయిదో పేజీలో. వంటనూనె ధరలు అమాంతముగా పెరుగుటకు గల కారణములను... మిగతా అయిదో పేజీలో."

"ఆగు బిడ్డా, ఎందుకు పెరిగినయ్?" అన్నారు మామయ్య.

"అయిదో పేజీ వచ్చినప్పుడు వస్తుంది మామయ్యా."

రెండో పేజీలో టెండరు నోటీసులు. సిమెంటు గొట్టాలు, తారు పీపాలు, సీల్డు కవర్లు. మూడో పేజీలో తప్పిపోయినవారి ప్రకటనలు, పంటి పొడి, సినిమాహాళ్లలో ఆటల వేళలు. ఒక్క అక్షరం వదల్లేదు. అయిదో పేజీ వచ్చేసరికి సగం అరుగు కునుకు తీస్తోంది.

"మొదటి పేజీ తరువాయి. ఏకగ్రీవముగా తీర్మానించింది. మొదటి పేజీ తరువాయి. అని ఆయన కంటతడి పెట్టుకున్నారు."

"ఎవలు?" అని ఉలిక్కిపడ్డారు మామయ్య.

"రాయలేదు మామయ్యా. అక్షరాలు ఇంతే ఉన్నాయి."

రోజూ ఇదే. మామయ్య ఆండాళును చదవమంటే, "నాకా సదువు లేదు గద నాయనా," అని తలుపు వేసుకుంది. మా ఆయన జగన్మోహన్ వడ్ల కొనుగోలుకు హుజూర్‌నగర్ చుట్టూ తిరిగి పొద్దుపోయాక వచ్చేవారు.

"సత్యాగ్రహమా ఇది?" అని అడిగారు నన్ను.

"కాదు. పగ."

"అయితే మంచిదే. సత్యాగ్రహానికి మా నాయన లొంగడు," అని చేతులు కడుక్కున్నారు.

ఎదుటి మిల్లు దామోదర్ అదను చూసి తన అరుగు మీద రేడియో పెట్టాడు. మా బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఎదుటి నుంచి నవ్వులు వినిపిస్తుంటే మామయ్య వక్కపలుకును అవసరానికి మించి నమిలేవారు. నాకు జాలి కలగలేదు. కలిగితే సందుగ పెట్టెలో పట్టా ఉంది కదా, తీసి చూసుకునేదాన్ని.

ఇంతలో జనార్దన్ గారు కోదాడ నుంచి మరో ఇద్దరు మిల్లర్లను వెంటబెట్టుకుని మరీ వచ్చారు. మిల్లు ఆడించిన బియ్యంలో సర్కారుకు విధిగా ఇవ్వాల్సిన వాటాను లెవీ అంటారు. ఆ వాటా మారిందని ఊరంతా పుకారు. నిజమైతే బేరాలన్నీ తలకిందులవుతాయి. ఆవేళ పేపర్లో ఆ సంగతి ఉందట.

"మీ అమ్మాయి చదివితేనే అర్థమవుతుందని వీళ్లను తీసుకొచ్చానండీ. వినిపించమ్మా," అన్నారు జనార్దన్ గారు.

"సంపుటి పదిహేను, సంచిక..." అని మొదలుపెట్టాను.

లెవీ దగ్గరికి వచ్చేసరికి చాయ్ చల్లారింది. "ఈ సీజనులో మిల్లుల నుంచి సేకరించు లెవీ బియ్యము వాటాను... మిగతా అయిదో పేజీలో. సర్కసు నుంచి తప్పించుకున్న కోతి..."

"ఏంటిదండీ?" జనార్దన్ గారు మామయ్య వైపు తిరిగారు. "మొన్న నేను విన్నది ఈ ఇంట్లోనేనా? అట్లయితే ఎదుటి రేడియోలో వార్తలకు టైమవుతోంది, అక్కడే కూర్చుంటాం." కండువా భుజాన వేసుకుని లేచారు. వెంట వచ్చిన ఇద్దరూ లేచారు.

మామయ్య గడప దగ్గరికి వచ్చారు. గొంతు బాగా తగ్గించి, "జర సక్కగ సదువు బిడ్డా. ఇజ్జత్ పోతున్నది. నాదే తప్పు, సరేనా?" అన్నారు.

"ఏమన్నారు మామయ్యా? మిల్లు చప్పుడులో వినపడలేదు."

ఆ మిల్లు పక్కన కాపురం చేసి, పెరట్లో అత్తమ్మ ఉప్పు ఎక్కువైందని గొణిగినా వినగలను. మామయ్యకూ ఆ సంగతి తెలుసు. నా వైపు చూశారు, మెట్లు దిగుతున్న జనార్దన్ గారి వైపు చూశారు.

"ఆండాళు దరఖాస్తు సంగతి కూడా ఏదో అన్నట్టున్నారు," అన్నాను. "అదీ వినపడలేదు."

ఆయన ముఖం ఎర్రబడింది. మిల్లు వైపు తిరిగి, "ఓ ఎల్లయ్యా! ఇంజను బందువెట్టు!" అని అరిచారు.

మిల్లును తిప్పే బెల్టు సడలింది. ఇంజను రెండు మూడు దగ్గులు దగ్గి ఊరుకుంది. దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది. గోడ మీద నా టేకు ఫ్రేములో లైసెన్సు చెక్కుచెదరకుండా ఉంది, మిల్లు మాత్రం బందయింది. నా కాయితం లేకుంటే ఏం బందయితదన్న ప్రశ్నకు జవాబు ఆయనే చెప్పినట్టయింది.

వీధి వీధంతా ఇటు తిరిగింది. దామోదర్ రేడియో చెవి మెలితిప్పి గొంతు తగ్గించాడు. మామయ్య మాత్రం ఇంజను ఇంకా మోగుతున్నట్టే గొంతెత్తారు.

"తప్పు నాది! ఇంటున్నరా అందరు? అచ్చరాలు సదువుడు వేరు, పేపర్ సదువుడు వేరు. గా సదువుకు ఇలువ లేదన్న నేను, నాకు దెల్వక అన్న. నా బిడ్డ ఆండాళును గూడ గదే సదువుకు తోలుత. నాదే తప్పు!"