ఈశాన్యము వీడిన సర్వరు

వైశాఖమాసమునఁ బ్రచండమార్తాండుఁడు పూర్వాహ్ణముననే తన ప్రతాపమునంతయుఁ జూపుచుండఁగా మిరపకొట్ల ఘాటు వడగాడ్పుతోఁ గలసి పురజనుల నాసికాపుటములఁ బరీక్షించుచుండఁగా నవామ్రఫలఖండములు ఆవపిండితోడి సంగమమునకై జాడీల ముంగిట నిరీక్షించుచుండఁగా గుంటూరునందలి కొల్లిపర వీరరాఘవయ్యగారి పచ్చళ్ల యంగడి వెబ్‌సైటు హఠాత్తుగా మూర్ఛిల్లెను. కొనవచ్చినవారి కెల్లరకు "డేటాబేసు ప్రవేశము నిరాకరింపఁబడినది" యను సమాధానమే తెరపైఁ గనఁబడుచుండెను.

ఆ యంగడి కంప్యూటరు యంత్రముల యోగక్షేమములు చూచు శేషఫణి యను యువకునకు ఆ సాయంకాలమే తెనాలిలో నిశ్చితార్థము. తల్లిదండ్రులు ముందే యచటికిఁ జేరిరి. లగ్నము దాఁటినచో సంబంధమే వలదనఁగల ముక్కోపి పెండ్లికూఁతురి మేనమామ. ఆ పెండ్లికూఁతురు హైమవతిని శేషఫణి యొక్కమాఱే చూచెను. నాఁటినుండి రెండవమాఱు చూచుటకై తహతహలాడుచుండెను. వీరరాఘవయ్యగారు గుమ్మమున కడ్డముగాఁ గుర్చీ వేసికొని కూరుచుండిరి.

"ఏందబ్బాయ్ ఇది? ఆవకాయ రోజుల్లో కొట్టు మూసుకుంటే ఎట్టా? ఇది బాగయ్యేదాకా నువ్వు కదలటానికి వీల్లేదు."

శేషఫణి సంకేతపదమును బరీక్షించెను. అది సరిగానే యుండెను. డేటాబేసు నిద్రించుచున్నదేమోయని తట్టి చూచెను. అది మేలుకొనియే యుండెను. సకలదోషహరమని తన వృత్తివారు నమ్ము పరమౌషధమును, అనఁగా ఆపి మరల నడపుటను బ్రయోగించెను, ఫలము శూన్యము. మధ్యాహ్నపు రైలు తన దారినఁ దాను పోయెను. ఏడుపొక్కటియే తరువాయిగా నతఁడు ఆ దోషవాక్యమును దుదివఱకుఁ జదివెను. చదువుకొన్నవారు చిట్టచివరఁ జేయు పని యదియే గదా! వాక్యాంతమున డేటాబేసు తన్నుఁ బిలిచిన సర్వరు, అనఁగా వెబ్‌సైటును నడపు యంత్రము యొక్క చిరునామాను సైతము చెప్పుచుండెను. ఆ చిరునామా యతఁ డెన్నఁడు నెఱుఁగనిది. యంత్రముల గదికిఁ బరుగెత్తి చూడఁగా సర్వరు ఈశాన్యమూల నుండి మాయమై యాగ్నేయమూలఁ బసుపుకుంకుమలతో నిమ్మకాయల దండతో విరాజిల్లుచుండెను.

"దీన్ని ఎవరు కదిపారండీ?"

"నేనే. నిప్పులాగా కాగే వస్తువు ఈశాన్యంలో ఉండకూడదని సిద్ధాంతిగారు చెప్పారయ్యా. పొద్దున్నే మంచి ఘడియ చూసి మార్పించా. తీగ కూడా నేనే పెట్టా, గోడకి ఏ బొక్క దగ్గరుంటే ఆ బొక్కలో!"

శేషఫణి నెత్తి కొట్టుకొనెను. సంకేతపదము సరియైనను, తా నెఱిఁగిన చిరునామానుండి వచ్చినఁ గాని డేటాబేసు తలుపు తీయదు. తీఁగె వేఱొక రంధ్రమునఁ జేరుటచే సర్వరునకుఁ గ్రొత్త చిరునామా గలిగెను. నిన్నటి నమ్మకస్థుఁడు నేఁ డపరిచితుఁడయ్యెను.

"మళ్లీ పాత మూలకే మారుద్దామండీ."

"చచ్చినా ఒప్పుకోను! వాస్తు చెడగొట్టమాకు."

శేషఫణి వాదమునకు దిగలేదు. క్రొత్త చిరునామాను డేటాబేసునకుఁ బరిచయము చేసెను. తోడనే యంగడి కన్ను దెఱచెను. వీరరాఘవయ్యగారు ఆగ్నేయమూలకుఁ జేతులు జోడించి "చూశావా, సిద్ధాంతిగారి మహిమ!" అనిరి. అతనికి మండిపోయెను, కాని లగ్నము ముంచుకొని వచ్చుచుండుటచేఁ గోపమును దిగమ్రింగి, ఆయన కానుకగా నిచ్చిన యావకాయజాడీని జంకఁ బెట్టుకొని బస్సెక్కెను.

బస్సు కుదుపులకు నూనె యొలికి యతని తెల్లచొక్కా యెఱ్ఱనయ్యెను. తెనాలిలోఁ బెండ్లికూఁతురి యింటి గడపయందు, నాఁడే పొన్నూరినుండి వచ్చిన హైమవతి బామ్మగారు చేయి యడ్డము పెట్టిరి.

"వంటవాళ్లు పెరటి దోవన రావాలి నాయనా."

"నేను పెళ్లికొడుకునండీ బామ్మగారూ!"

"చాల్లే సంబడం! పెళ్లికొడుకు జాడీ మోసుకుంటా వస్తాడా?"

లోపల మేనమామ గడియారము చూచుచు గొంతు పెంచుచుండెను. అంతలో కిటికీయొద్ద హైమవతి ముఖము కానవచ్చెను.

"బామ్మా, ఆయనేనే! లోపలికి రానీ."

అర్హత యెంత గలిగినను, ఎఱుఁగని త్రోవ వచ్చినవానికి ద్వారములు మూసికొనియే యుండును. లోపలివా రొక్కరు మనవాఁడే యన్నఁ జాలును, తెఱచికొనును. శేషఫణి యానందబాష్పములతో లోని కరిగెను. జాడీని మాత్రము బామ్మగారు పెరటి దోవనే పంపించిరి.