పండుగ కాని కాయ

నూనె లేకుండా చేసేది వంటే కాదని నా గట్టి నమ్మకం. అందుకే మా అబ్బాయి ధీరజ్, వాళ్ళ నాన్న కొలెస్ట్రాల్ పేరు చెప్పి ఎయిర్ ఫ్రయర్ కొనుక్కొచ్చినప్పుడు, దాన్ని వంటింటి మూల పెట్టి పైన పాత తువ్వాలు కప్పేశాను. అలిగిన అల్లుడిలా అది నెలల తరబడి అక్కడే కూర్చుంది. ఒకరూ పలకరించలేదు.

చివరికి ఆ తువ్వాలు తీయించింది జోగే అవ్వ.

జోగే అవ్వ దేవేకి నాయనమ్మ. దేవే ఇక్కడ బచేలిలోనే, ఇనుపగనుల ఆసుపత్రిలో నర్సు. ధీరజ్ అదే ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. నాకూ పిల్ల నచ్చింది. ఎందుకు నచ్చిందంటే, మా ఆయన రాజేశ్వరరావుగారికి మలేరియా వచ్చినప్పుడు డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చి, మందులు వేళకి వేయలేదని నా మీద కేకలేసింది. ఈ ఉమామహేశ్వరి మీద కేకలేసే ధైర్యం ఈ క్వార్టర్లలో ఇంకెవరికుంది? ఆ పూటే అనుకున్నాను, ఈ పిల్ల మా ఇంటికే రావాలని.

చిక్కల్లా అవ్వ దగ్గరే. తల్లీతండ్రీ లేని దేవేని కోంటా అవతల పల్లెలో వరి పండించుకుంటూ, ఇప్పపువ్వు ఏరుకుంటూ పెంచింది ఆవిడే. వాళ్ళు దోర్లవాళ్ళు, అడవి పల్లెల గిరిజనులు. వాళ్ళలో వాళ్ళకి దోర్లీ, సంతకొచ్చే మనవాళ్ళతో తెలుగు. ఆ ఊరి పిల్ల ఒకతె ఇదివరకే మనలాంటి వాళ్ళింటికి కోడలుగా వెళ్ళిందట. కూతుర్ని చూసుకోవడానికొచ్చిన తల్లిని వసారాలో కూర్చోబెట్టి, వేరే పళ్ళెంలో అన్నం పెట్టారట. అది అవ్వ మనసులో ముల్లులా ఉండిపోయింది. "నేనే వస్త. ఆళ్ళింట్ల తింట. తిన్నంక జెప్త" అని కబురు పంపింది. అవ్వ కాదంటే తనూ కాదంటానని దేవే ముందే చెప్పేసింది. ఆ మాట విన్నప్పటి నుంచి నా కొడుకు సరిగ్గా అన్నం తినడం లేదు.

"అవ్వకి పళ్ళు లేవు ఆంటీ. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది, నూనె పడదు" అంది దేవే. "దాల్చినచెక్క వేసి ఆపిల్ చేస్తే మెత్తగా ఉంటుంది. మీ దగ్గర మెషిన్ ఉంది కదా." ఫోన్లో వీడియో కూడా చూపించింది. గోళ్ళకి రంగేసుకున్న చేతులు ఆపిల్ ముక్కలు కలిపి లోపల పెడుతున్నాయి. ఇదేం బ్రహ్మవిద్య అనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. ఉగాది వెళ్ళి వారమైంది. ఆపిళ్ళు తొక్క తీసి, సన్నగా తరిగి, బెల్లం తురుమూ దాల్చినచెక్క పొడీ పట్టించి, స్టీలు గిన్నెలో వేసి మెషిన్లోకి దించాను. కాసేపటికి ఇల్లంతా ఘుమఘుమ. బిర్యానీకి తప్ప వాడని దాల్చినచెక్కకి ఇంత మంచి బుద్ధి ఉందని నాకు తెలియదు. తీరా ఓ ముక్క నోట్లో వేసుకుంటే ఏముంది, ఒట్టి చప్పటి తీపి! ఎండాకాలం మా బజారుకొచ్చే ఆపిళ్ళు అంతే, పిండిపిండిగా ఉంటాయి. వీడియోలో నిమ్మకాయ పిండమన్నారు. చూస్తే ఇంట్లో ఒక్క నిమ్మకాయా లేదు.

పుట్టింది విజయనగరంలో. పులుపు కావాలంటే నా కాళ్ళు ఎక్కడికి పోతాయి? పెరట్లోకి. మా మామిడిచెట్టు ఆ ఏడు విరగకాసింది. లేత కాయ ఒకటి కోసి, తురిమి, ఆ ముక్కల్లో కలిపి మళ్ళీ మీట నొక్కాను. తురుము ఆనవాలు లేకుండా కరిగిపోయింది. రుచి చూద్దామనుకునేలోగా గేటు చప్పుడైంది.

అవ్వ చిన్న మనిషి. తెల్లచీర మోకాళ్ళ దాకా కట్టి, పాదాలకి మా ఊరి ఎర్రదుమ్ముతో వచ్చింది. కాళ్ళకి నీళ్ళిచ్చాను. మా డైనింగ్ టేబుల్ గోడకి జరిపేసి, అందరికీ నేల మీద ఒకే వరసలో చాపలు వేసి, ఒకే రకం పళ్ళేలు పెట్టాను. అవ్వ తన పళ్ళెం చూసింది, మా ఆయన పళ్ళెం చూసింది. కూర్చుంది. మెత్తటి అన్నం, పప్పు, కోడి పులుసు నెమ్మదిగా తింది. "మంచిగనే వండినవ్ బిడ్డా" అనేసరికి మావాడు నెలరోజుల్లో మొదటిసారి మారు వడ్డించుకున్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరం.

అప్పుడు దేవే ఆపిల్ గిన్నె తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది.

"వాసన మంచిగొస్తంది. ఏంది ఇది?"

"ఆపిల్ అవ్వా. నీ కోసమే చేసింది ఆంటీ."

మా ఆయనకి పెరటి మామిడిచెట్టంటే కొడుకుతో సమానం. ఊరుకోలేక మధ్యలో దూరారు. "వెళ్ళేటప్పుడు మా చెట్టు కాయలు ఓ సంచెడు కోసిస్తానమ్మా, పట్టుకెళ్దురు గాని."

"ఇప్పుడొద్దు అయ్యా. మాకు ఇంక మామిడి పండుగ కాలె." అవ్వ చెంచాతో ఓ ముక్క తీసుకుని, చల్లారడానికి ఊదుతూ చెప్పింది. "ఊరంత కలిసి కొత్త కాయ ముందుగాల దేవతకు పెట్టాలె, పోయిన పెద్దలకు పెట్టాలె. గప్పటిదాంక కోతి తింటది, చిలక తింటది, మేం నోట్ల పెట్టం. కడుపుల గంజి లేని ఏడు గూడ నేను ముట్టలె."

గంజి లేని ఏడు కూడా. చెంచా అప్పటికే అవ్వ పెదవుల దగ్గరుంది.

నోటికంటే ముందు చెయ్యి లేచింది. ఒక్క ఉదుటున వెళ్ళి ఆ గిన్నే చెంచా ఆవిడ చేతుల్లోంచి లాగేసుకున్నాను. పాకం చింది తెల్లచీర మీద పడింది.

"అమ్మా!" అని అరిచాడు ధీరజ్. "ఉమా, నీకేమైనా పిచ్చా?" అన్నారు ఆయన. దేవే మొహం పాలిపోయింది. ఇంటికొచ్చిన పెద్దావిడ చేతిలో తిండి లాక్కున్నాను. వసారాలో వేరే పళ్ళెం పెట్టినవాళ్ళు నా ముందు దేవుళ్ళు.

అవ్వ చీర మీది మరకని చూసుకుంది. మోకాలి మీద చెయ్యి వేసి లేచింది. గొంతు పెంచలేదు. "పోదాం పా, దేవే."

"ఉండండమ్మా!" నాకు ఏడుపొచ్చేసింది. "ఇందులో మామిడికాయుంది. పులుపు లేదని నేనే తురిమి వేశాను. మీ పండుగ సంగతి నాకు తెలీదమ్మా, నా బిడ్డ మీద ఒట్టు."

అవ్వ ఆగింది. వెనక్కి వచ్చి, నా చేతిలో గిన్నెలోకి తొంగి చూసింది.

"కాయ కనపడ్తలేదు?"

"కరిగిపోయిందమ్మా."

"దాల్చినచెక్క వాసన తప్ప ఏం రాలె. నువ్వు జెప్పకుంటె నాకు తెలుస్తుండెనా?"

"మీకు తెలీదు. నాకు తెలుసు కదమ్మా!" కోపమొచ్చినట్టే అరిచాను. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియదు.

అవ్వ వెళ్ళి చాప మీద మళ్ళీ కూర్చుంది. కూర్చుని, "ఇంకో ఆపిల్ ఉందా?" అంది.

ఒక్కటే మిగిలింది. గబగబా తరిగాను. బెల్లం, దాల్చినచెక్క, అంతే. గిన్నె కూడా కొత్తది తీశాను. అవ్వ వంటింట్లోకొచ్చి మెషిన్ ముందు నిలబడింది. "మంటేది?" అంది. "లేదమ్మా." "పొగ?" "అదీ లేదు." "మరి దీనికి ఆకలైతె ఏం తింటది?" అంది. మావాడు ఫక్కున నవ్వాడు. వాడి నవ్వు విని దేవే కళ్ళు తుడుచుకుంది.

మెషిన్ గంట మోగింది. అవ్వ గిన్నె అందుకుని, మొదటి ముక్క తిని, రెండో ముక్క కూడా తిని, పెదవి విరిచింది.

"చప్పగుంది. పులుపు లేదు."

"నేను చెప్పలేదూ!" అన్నాను ఆయన వైపు తిరిగి. ఆయన నాతో ఆ మాటే ఎత్తలేదు పాపం, అయినా నాకు ఎవరో ఒకరితో అనాలనిపించింది.

అవ్వ ఆ చప్పటిదే గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. అంతా అయింది గాని పెళ్ళి మాట మాత్రం ఎత్తలేదు. సర్దుతూ సర్దుతూ, గట్టు మీద మిగిలిపోయిన మామిడికాయ గిన్నె చూశాను. ఇంత రభస చేసిన దాని రుచైనా చూద్దామని ఓ చెంచా తీసి నోటి దాకా తెచ్చుకున్నాను.

చటుక్కున ఎవరో గిన్నే చెంచా లాగేసుకున్నారు. తిరిగి చూస్తే అవ్వ. పళ్ళులేని నోరంతా నవ్వు.

"ఆగు వియ్యపురాలా. నీకు గూడ ఇంక పండుగ కాలె."

ఆ మాట అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. అర్థమయ్యాక కళ్ళు నిండిపోయాయి. వెంటనే ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది.

"అయ్యో, ఉగాది పచ్చడిలో తినీసానమ్మా!"

అవ్వ గిన్నె చెంగు కింద దాచుకుంది. చెంగు కొసతో నా కళ్ళు తుడిచింది.

"గప్పుడు నువ్వు మా దానివి కావు గద" అంది.