పెరుగన్నం తర్వాత

తణుకులో కౌముది పుట్టింట్లో పెరుగన్నం అయ్యాక ఎవరూ వెంటనే లేవరు. వాళ్ళ నాన్న ఖాళీ కంచంలో వేలితో గీతలు గీస్తూ వంటింటి వైపు చూసి, "ఇంకేముంది?" అంటాడు. రోజూ అదే మాట. ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. జీడిపాకం ముక్కో, మొన్నటి పేరంటంలో మిగిలిన లడ్డూలో సగమో, ఏమీ లేకపోతే బెల్లం ముక్క మీద నెయ్యి చుక్కో. అది నోట్లో కరిగేదాకా ఇంటిల్లిపాదీ అలాగే కూర్చుంటారు. చేతులు ఎండిపోతాయి. ఊళ్ళో కబుర్లన్నీ ఆ ఎండిన చేతులతోనే నడుస్తాయి.

పెళ్ళయి మైలాపూరు వచ్చిన కొత్తలో కౌముదికి అన్నీ ముద్దొచ్చేవి. వాషింగ్ మెషీన్ పని ముగించి పాట పాడితే తనూ తలూపేది. పూలావిడ మూర కొలిచాక మొహం చూసి ఇంకో నాలుగు మల్లెలు కలిపితే ఆ పూట పండగే. రాఘవ్ చొక్కాలు మడతపెడుతూ, ఎవరూ చూడకుండా ఒక్కోదాన్నీ వాసన చూసుకునేది. ఒక్క భోజనాల దగ్గరే ప్రాణం ఉసూరుమనేది.

అత్తగారింట్లో మజ్జిగన్నం, దబ్బకాయ ఊరగాయ. అంతే. ఆఖరి ముద్ద గొంతు దిగకముందే, ఎక్కడ రైలు తప్పిపోతుందో అన్నట్టు అందరూ లేచేస్తారు. మామగారు రంగనాథం రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకి షుగరు. అది బయటపడిన రోజే అత్తగారు వరదలక్ష్మి శాసనం చేసేసింది, పెద్దాయన తినకూడనిది ఈ ఇంట్లో ఎవరూ తినకూడదని. పండక్కి నైవేద్యం పెట్టినా, చెంచాడు ప్రసాదం కళ్ళకద్దుకుని మిగతాదంతా ఇరుగుపొరుగుకే. ఆఖరికి కాఫీ కూడా చప్పనే.

ఇదేమీ తెలియని కౌముది, కాపురానికొచ్చిన మొదటి రోజు మధ్యాహ్నం, మజ్జిగన్నం అవగానే నవ్వుతూ అడిగేసింది. "తీపి ఏమన్నా ఉందా అత్తయ్యా?"

వరదలక్ష్మి మొహంలో రంగు మారింది. కోడలి వైపు చూసింది, భర్త వైపు చూసింది, మళ్ళీ కోడలి వైపు చూసింది. "ఈడ తీపి యాడ నుంచి వస్తుందమ్మా?" అంటూ తడిబట్టల బకెట్టు అందుకుని గబగబా మొట్టమాడి ఎక్కేసింది. డాబాని ఆ ఇంట్లో అలాగే అంటారు.

పుట్టింటి నుంచి వచ్చిన సున్నుండల డబ్బా ఆ సాయంత్రానికే ఖాళీ అయిపోయింది. ఎదురింటి సరణ్యకీ, కింద వాటా వాళ్ళకీ, గేటు దగ్గర వాచ్‌మన్ ఆనందన్‌కీ పంచేసి, "కొత్త కోడలి పేరు చెప్పి పంచినా. మంచిదే గదా కన్నా," అంది అత్తగారు. కొత్త కోడలికి మాత్రం ఒక్కటీ దక్కలేదు. డబ్బా అడుగున మిగిలిన పొడిని వేలితో అద్దుకుని, స్నానాలగదిలో తలుపేసుకుని తింది కౌముది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల! తన మీద తనకే నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

పోనీ, తీపి లేకపోతే లేకపోయె. కబుర్లైనా ఉండాలిగా? అసలు బాధ అదీ. పొద్దున కూరలు తరుగుతూ వరదలక్ష్మి వీధి చరిత్రంతా చెప్తుంది. మూల ఇంటి చెంగల్రాయుడు తన పెళ్ళికి తనే ఆలస్యంగా వచ్చిన కథ అయితే, కత్తిపీట పక్కన పెట్టి మరీ చెప్పింది. అదే మనిషి నోటికి మధ్యాహ్నం భోజనం కాగానే తాళం పడిపోతుంది. బట్టలారేసి, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని, ఎటో చూస్తూ ఉంటుంది. కౌముదిది ఇంటి నుంచి చేసే ఆఫీసు పని. మధ్యలో దొరికే కాస్త ఖాళీలో ఆశగా మెట్లెక్కేది.

"సాయంత్రం కూరేం చేద్దాం అత్తయ్యా?"

"ఊఁ."

"బెండకాయలు వేయించనా, పులుసు పెట్టనా?"

"ఊఁ."

"రెంటికీ ఊఁ అంటే ఎలాగండీ?"

వరదలక్ష్మి మొహం అటు తిప్పేసుకునేది. సాయంత్రం కాఫీ వేళకి మళ్ళీ మామూలు మనిషి. తను తీపి అడిగిన ఆ వేళకే, రోజూ సరిగ్గా ఆ వేళకే, ఈ మౌనం. ఎన్ని రకాలుగా ఆలోచించినా కౌముదికి ఒకటే తోచేది. ఇంట్లో కాలు పెట్టిన పూటే, షుగరు మనిషి ఎదురుగా తీపి అడిగిన కోడలు. ఆ మాట ఆవిడ మనసులో ముల్లులా దిగిపోయింది. ముల్లు తీద్దామంటే నోరు విప్పదే!

"మీ అమ్మగారు నాతో మాట్లాడరు," అంది ఒకరోజు, రాఘవ్ ఆఫీసు నుంచి రాగానే.

"అమ్మా? పొద్దున నేను స్నానం చేసి వచ్చిందాకా నీతోనే గదా వాగతా ఉన్నింది."

"భోజనం తర్వాత మాట్లాడరు."

"భోజనం తర్వాత ఈ ఇంట్లో ఎవురూ మాట్లాడరు. అది అట్లే. కొంచెం అడ్జస్ట్ చేసుకో కన్నమ్మా."

'అడ్జస్ట్' అనే మాట వింటే కౌముదికి అరికాలి మంట నెత్తికెక్కేది. పెళ్ళికి ముందు ఇదే మనిషి, మాడవీధిలో మిఠాయి కొట్టు ముందు నిలబడి, దొన్నెలో ఉన్న ఆఖరి హల్వా ముక్కని తను తినకుండా ఆమె వైపు నెట్టాడు. ఆ ముక్కని చూసే ఆమె ఈ సంబంధానికి సరేనంది.

"ఆ హల్వా మనిషి ఏమైపోయాడు రాఘవ్?"

"ఏమీ కాలేదు. ఆఫీస్ క్యాంటీన్లో రోజూ గులాబ్ జామ్ తింటా బాగానే ఉండాడు," అని నవ్వి, అంతలోనే నాలుక కరుచుకున్నాడు.

"రోజూనా?"

"రోజూ అంటే రోజూ కాదు. శనాదివారాలు లీవు గదా."

ఆ పూట కౌముది అతనికి దోసె వేసింది గానీ మాట వెయ్యలేదు.

అయితే మూల కూర్చుని ముక్కు చీదుకునే రకం కాదామె. మందుల షాపులో షుగరు ఉన్నవాళ్ళ కోసం తీపి పొడి అమ్ముతారని తెలిసి, మామగారి డాక్టర్ని ఫోన్లో అడిగి మరీ కొనుక్కొచ్చింది. మామగారూ తినగలిగే పాయసం చేస్తే శాసనం మీరినట్టు కాదు. పాయసం చేతికిస్తే ఎవరైనా కాసేపు కూర్చుంటారు. కూర్చుంటే మాట కలుస్తుంది. మాట కలిస్తే ముల్లు ఊడుతుంది. వరదలక్ష్మి ఆ పొట్లాన్ని తిప్పి తిప్పి చూసి, "సరి, నీ ఇష్టం," అంది.

ఆదివారం రంగనాథం అన్నం ఉడక్కముందే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"సేమ్యానా అమ్మా?"

"అవును మామయ్యా."

"జీడిపప్పు వేసినావా?"

"వేశాను."

"ఎండుద్రాక్ష?"

"డాక్టరుగారు వద్దన్నారు."

"తినేది నేనా, డాక్టరా?" అని గొణుక్కున్నాడు ఆయన, గరిట మీంచి చూపు తిప్పకుండా.

పాలు తెర్లుతుండగా పొడి వేసి, తీపి బాగా పట్టాలని ఇంకాసేపు మరిగించింది కౌముది. పొయ్యి మీంచి దించాకే కలపాలని పొట్లం వెనక చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. అది ఆమె చదివింది తర్వాత.

మజ్జిగన్నం అయింది. ఎవరూ లేవకముందే గిన్నెలు చేతికిచ్చింది. రంగనాథం ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. ఇంకో చెంచా తిన్నాడు.

"బాగుందమ్మా. గంజి మాదిరి చలవ చేస్తుంది," అన్నాడు దయగా. "కొంచెం ఉప్పు అందుకో."

కౌముది గబుక్కున తను రుచి చూసింది. పాలున్నాయి, సేమ్యా ఉంది, జీడిపప్పు ఉంది. తీపి జాడే లేదు.

"దీనికి పోపు పెడితే ఉప్మా అయిపోతుంది," అన్నాడు రాఘవ్. ఆమె చూసిన చూపుకి మిగతా నవ్వు మింగేశాడు.

కౌముది అత్తగారి వైపు చూసింది. తిట్టినా బాగుండును. నవ్వినా బాగుండును. వరదలక్ష్మి మందు తాగినట్టు గిన్నె ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, బకెట్టు ఎత్తుకుని మెట్లెక్కింది. మామగారు పడక్కుర్చీలోకి, రాఘవ్ ఫోన్లోకి వెళ్ళిపోయారు. బల్ల దగ్గర కౌముదీ, ఎంగిలి గిన్నెలూ మిగిలారు.

ఆ గిన్నెల్ని చూస్తుంటే ఆమెకి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా డాబా ఎక్కింది. గచ్చు నిప్పులు చెరుగుతోంది. గెంతుకుంటూ ట్యాంకు నీడలోకి చేరి, అత్తగారి ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యా, ఇవాళ మీరు నాకు జవాబు చెప్పాలి."

"ఊఁ."

"ఊఁ కాదండీ! ఎన్నాళ్ళు ఈ ఊఁ? మొదటిరోజు నాకు తెలియక అడిగాను. తీపి అడగడం అంత పెద్ద తప్పా? కోపముంటే తిట్టండి. పాయసం పాడుచేశానని తిట్టండి. మీరు తిట్టేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను!"

వరదలక్ష్మి కంగారుగా చెయ్యి అడ్డం ఊపింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. లోపల పళ్ళకి గోలీ తగిలినట్టు టక్కుమంది. ఎడమ బుగ్గ ఉబ్బి, అది సర్దుకునేలోగా కుడి బుగ్గ ఉబ్బింది.

"అత్తయ్యా, మీ బుగ్గ..."

"ఏవ్ వేదు," అంది వరదలక్ష్మి.

అనగానే అది జారి ఆవిడ అరచేతిలో పడింది. నల్లగా, నిగనిగలాడుతూ, కమ్మరకట్టు. బెల్లం, కొబ్బరి ముదురు పాకం పట్టి చుట్టిన ఉండ. కొరికితే పన్ను ఊడుతుంది, చప్పరిస్తే మధ్యాహ్నమంతా వస్తుంది.

కాసేపు ఇద్దరూ దాన్నే చూశారు.

"మీ మామయ్యకి చెప్పబాకు తల్లీ," అంది వరదలక్ష్మి, అదేదో పిల్లిపిల్లయినట్టు పిడికిట్లో దాచుకుంటూ. "అందరి నోరూ కట్టేసింది నేనే గదా. వాళ్ళ ముందర నేనెట్లా తినేది? మజ్జిగన్నం అయినాక ఈ పాడు నోరు ఊరుకోదు. నువ్వు వచ్చినరోజే, అందరి ముందర తీపి ఉందా అని అడిగితివి. నాకు గుండె ఆగినంత పనైపాయ. వాసన పట్టేసిందిరా దేవుడా అనుకున్నా. నువ్వు పైకి వచ్చినప్పుడంతా నోరు తెరవాలంటే భయం."

"మీకు నా మీద కోపమనుకుని నేను చస్తున్నాను ఇక్కడ!"

"కోపమా? కోపమొస్తే గమ్మున ఉండే దాన్నా నేను? మీ మామయ్యని అడుగు."

నవ్వాలో ఏడవాలో కౌముదికి తెలియలేదు. అంతలో అసలు సంగతి గుర్తొచ్చింది. "మరి నా సున్నుండలు?"

"అవి ఇంట్లో ఉంటే నేను ఆగతానా? అందుకే పంచేసినా."

"నాకు ఒక్కటీ ఉంచలేదు!"

"నేనూ తినలేదు," అంది వరదలక్ష్మి. కోడలు కన్నార్పలేదు. "ఒకటి తిన్నా." కోడలు ఇంకా కన్నార్పలేదు. "సరి సరి, రెండు."

దండేనికి వేలాడుతున్న క్లిప్పుల సంచీలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక కాగితం పొట్లం తీసింది. అందులోంచి ఒకటి కోడలి చేతిలో పెట్టింది. "ఆ పాయసం నోరంతా పాడుచేసి పెట్టింది గానీ, ఇది వేసుకో. కొరకబాకు. బుగ్గన పెట్టుకో."

కౌముది బుగ్గన పెట్టుకుంది. మొదట గులకరాయిలా ఉంది. తర్వాత మెల్లగా బెల్లం, దాని వెనక కొబ్బరి. ఇన్నాళ్ళుగా దాచుకున్న ప్రశ్నలన్నీ ఒక్కసారి నాలుక మీదకొచ్చాయి. రాఘవ్ చిన్నప్పుడు ఎలా ఉండేవాడు, చెంగల్రాయుడికి ఆఖరికి పెళ్ళయిందా లేదా? "అత్త..." అనబోతే పాకం గడ్డం మీదకి కారింది. వరదలక్ష్మి తన పిడికిట్లోది మళ్ళీ నోట్లో వేసుకుని, తర్వాత అన్నట్టు వేలు చూపించి, పక్కన చోటు చేసింది. ఇద్దరూ ట్యాంకుకి ఆనుకుని కూర్చున్నారు. సముద్రపు గాలికి రాఘవ్ చొక్కాలు దండెం మీద చేతులు ఊపుతున్నాయి.

"కౌముదీ!" కింద నుంచి రాఘవ్ కేక. "ఇంకా కోపమా?"

"ఊఁ."

"పోయిందా?"

"ఊఁ."

"అమ్మా, నువ్వైనా చెప్పు. అది కోపంగా ఉందా, లేదా?"

"ఊఁ," అంది వరదలక్ష్మి.

"రెంటికీ ఊఁ అంటే ఎట్లా? ఉండండి, నేనే వస్తా పైకి."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. వరదలక్ష్మి పొట్లాన్ని సంచీలోకి తోసి, సంచీని కొంగు కిందకి లాక్కుంది. దాని తాడు బయటే ఉండిపోయింది. క్యాంటీన్లో రోజూ గులాబ్ జామ్ తినే మనిషికి ఇందులో వాటా ఎందుకట? కౌముది ఇంకాస్త దగ్గరగా జరిగి, తాడు మీద చున్నీ కప్పేసి, మొహం ముటముటలాడిస్తూ కూర్చుంది.